లంక రూపాయి పడిపోయిన నెల

"చెయ్యి ఇచ్చిన మనిషి రాకుండా గుమస్తాని పంపితే ఎట్లా?" అని మాలిక్ మొహం మీదే అడిగేశాడు.

గుంటూరు మిర్చి యార్డులో మాలిక్‌ది కమిషన్ కొట్టు. ఎదురుగా కూర్చున్న ముసలాయన కొలంబో నుంచి వచ్చాడు. తెలుగు ముక్క రాదు. మద్రాసులో కొన్నాళ్లు పనిచేసొచ్చిన కొట్టు కుర్రాడు అస్లాం ఆయన అరవాన్ని తెలుగు చేసి చెబుతున్నాడు.

ఓనరు రాలేడట. సరుకు తనే విడిపించుకుని వెళతాడట.

ఆ ఓనరు పేరు రిజ్వాన్. ఫిబ్రవరిలో వచ్చి కౌలు రైతు వెంకటరావమ్మ మిర్చి పంట మొత్తం బేరమాడి వెళ్లాడు. చేతుల మీద తువాలు కప్పి, దాని కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకునే బేరం అది. కాగితం లేదు, సంతకం లేదు. చెయ్యి ఇచ్చిన మనిషి ఉంటేనే బేరం, లేకపోతే లేదు. యార్డులో ఇది తెలియనివాళ్లు లేరు.

ఆ ఏడు తామర పురుగు మిరప తోటల్ని నమిలేసింది. వెంకటరావమ్మ కౌలు చేలో సగం కాయ రంగు పోయి తాలైంది. ఇక్కడి వ్యాపారులు మూట విప్పి చూసి మూతి తిప్పుకుంటే, రిజ్వాన్ ఒక్కడే ఆమె మొహం చూసి మంచి ధరకి ఒప్పుకున్నాడు, డబ్బు సరుకు తీసుకెళ్లేటప్పుడు ఇస్తానన్నాడు. ఆ డబ్బుతో ఉగాదిలోపు కౌలు కడితేనే చేను మళ్లీ ఆమె చేతికొస్తుంది. లేదంటే ఇంకొకరికి పోతుంది.

మార్చి వచ్చేసరికి లంక రూపాయి కుప్పకూలింది. రిజ్వాన్ ఫోను స్విచాఫ్. నష్టమొచ్చేసరికి మొహం చాటేశాడనుకున్నాడు మాలిక్. ఎవరైనా అదే అనుకుంటారు మరి.

సరిగ్గా అప్పుడు దిగాడీ ముసలాయన.

దిగినవాడు డబ్బు కట్టాడా? అదీ లేదు. పొద్దున్నే కొట్టుకొచ్చి బల్ల చివర కూర్చునేవాడు. ఇవాళ లంక రూపాయి ఎంతుందో సెల్లులో చూడమని అస్లాంని బతిమాలేవాడు. అస్లాం చెప్పింది విని, తల పట్టుకుని కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాడు.

రోజూ ఈ తంతు ఏమిటని మాలిక్ ఒకరోజు గట్టిగా అడిగించాడు.

"మా చిన్నప్పుడు మీ రూపాయీ మా రూపాయీ ఒకటే" అన్నాడట ముసలాయన. "తర్వాత మీది ఒకటికి మావి రెండు అయ్యాయి. ఆ పైన రెండున్నర. అంత దూరం రావడానికి నా జీవితమంతా పట్టింది. ఈ ఒక్క నెలలో నాలుగు దాకా వచ్చింది. నిన్న సరిపోయిన డబ్బు ఇవాళ చాలడం లేదు. ఇంకొంచెం సర్దుతున్నాను, రెండు రోజులు ఆగండి."

మాలిక్‌కి ఒళ్లు మండింది. అవతల వెంకటరావమ్మ రోజూ పెదకాకాని నుంచి ఆటోలో వచ్చి, కొట్టు ముందు కూలబడి కళ్లొత్తుకుంటోంది. ఆమెకి ఏం చెప్పాలి? రూపాయి కథలు చెప్పాలా?

"వాళ్ల ఓనరుకి సిగ్గుంటే తనే వచ్చేవాడని చెప్పు" అన్నాడు.

అంత మాట వద్దన్నాడు అస్లాం. చెప్పాల్సిందేనన్నాడు మాలిక్.

అస్లాం చెప్పాడు. ముసలాయన ఆ మాట విని తల దించుకున్నాడు. కాసేపటికి లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మాలిక్ సరుకంతా ఒక కారం మిల్లుకి సగం ధరకి అమ్మేశాడు. చేను పోయినట్టేనని వెంకటరావమ్మకి అర్థమైపోయింది.

రెండు రోజులు గడిచాక ముసలాయన మళ్లీ వచ్చాడు. చేతిలో సంచి ఉంది. మద్రాసులో చుట్టం డబ్బు మార్చి పంపాడట.

సరుకు లేదని అస్లాం చెప్పాడు.

ముసలాయన గొడవ పడలేదు. ఎంతకి అమ్మారని అడిగాడు. ఆమెకి ఎంత తక్కువైందో కనుక్కుని, ఆ తేడా మొత్తం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

సరుకు లేకుండా డబ్బెందుకని మాలిక్ బిత్తరపోయాడు.

"రిజ్వాన్ చెప్పిన ధర ఆమెకి అందాలి" అన్నాడట. ఆగి, ఇంకొకటి అడిగాడు. "ఇక ఇక్కడ ఎవరూ అతన్ని మాట తప్పినవాడు అనరు కదా?"

అనరని మాలిక్ తలాడించాడు. ముందు ముందు వ్యాపారం దెబ్బతినకుండా ఓనరే ఈ డబ్బు పంపించి ఉంటాడని సరిపెట్టుకున్నాడు. గుమస్తాయే కదా అని, టీ తాగి వెళ్లమని కూడా అనలేదు.

వెంకటరావమ్మ కౌలు కట్టేసింది. ఉగాది ముందురోజు కొట్టుకొచ్చి, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చుంది.

"ఆ కొలంబో బాబుకి ఒకసారి ఫోను కలుపు అబ్బాయ్. చల్లగా ఉండమని నా నోటితో చెప్పాలి."

"అట్లాగే పెద్దమ్మా" అన్నాడు మాలిక్. రిజ్వాన్ ఫోను ఇంకా పలకడం లేదు. డబ్బు పంపిన మద్రాసు చుట్టం నంబరు అస్లాం దగ్గరుంటే దానికి చేశాడు. ఆయనకి తెలుగు బాగానే వచ్చు.

రిజ్వాన్‌తో మాట్లాడించమని అడిగాడు.

"రిజ్వాన్ పోయి నెల కావస్తోందండి. రూపాయి పడిన వారమే గుండె ఆగిపోయింది. ఆ తల్లి పంటకి మాటిచ్చానని పోయేముందు కూడా అన్నాడట. పోయాడని తెలిస్తే మీ యార్డులో బేరం చెల్లదని, మీకు చెప్పొద్దన్నారాయన. ఉన్న చిన్న కొట్టు కూడా అమ్మేసి తెచ్చారు."

"ఎవరు, ఆ గుమస్తానా?" అన్నాడు మాలిక్.

"గుమస్తా ఏమిటండీ, ఆయన రిజ్వాన్ వాళ్ల నాన్న."