మూలమంచం అలారం

“అన్ని మంచాలకీ ఒకటే ప్రోగ్రాం కదయ్యా?” అన్నాడు ఆసుపత్రి సూపరింటెండెంటు.

ప్రోగ్రామరు మొదటి మంచం అలారం మోగించాడు. పక్కదీ మోగించాడు. మూలమంచం జోలికి మాత్రం పోలేదు. నిన్న అక్కడి పెద్దాయనకి ఊపిరాడనప్పుడు అలారం మోగలేదని నర్సమ్మ మొత్తుకుంటోంది. ఆయన ఇప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నాడు.

“ఇవన్నీ మోగుతుంటే అదొక్కటీ మోగదా? కునుకు తీసుంటావు. రేపట్నుంచి రానక్కర్లేదు,” అని నర్సమ్మతో అనేసి సూపరింటెండెంటు గుమ్మం వైపు నడిచాడు.

అది ఎందుకు మోగలేదో ప్రోగ్రామరుకి తెలుసు. అలారాన్ని ప్రోగ్రాంలో ఉమ్మడి అచ్చులాంటి క్లాసులో మెథడ్‌గా రాసి ఉంటే అన్ని మంచాలకీ అదొక్కటే ఉండేది. తను దాన్ని ఫంక్షన్‌గా రాసి, ఒక్కో మంచానికీ విడి గడిలాంటి ఒక్కో వేరియబుల్‌లో పెట్టాడు, కావాలంటే దేనికది మార్చుకోవచ్చని. మొన్న టెస్టింగ్ మోతకి పెద్దాయన నిద్ర పట్టక అల్లాడుతుంటే, మూలమంచం వేరియబుల్‌లో ఏ పనీ చేయని ఖాళీ ఫంక్షన్ పెట్టాడు. మళ్లీ పాతది పెట్టడం మరిచిపోయాడు. ఆ సంగతి ఇంకెవరికీ గుర్తుండదన్న ధైర్యంతోనే ఇందాకట్నుంచి నిలబడ్డాడు.

“కంగారుపడకు బాబూ,” అంది నర్సమ్మ మెల్లగా. “పెద్దాయన పడుకోవాలి, కాసేపు మోత ఆపమని నిన్నడిగింది నేనేగా. నీ పేరు ఎత్తను.”

అతను తలెత్తి చూశాడు. సూపరింటెండెంటు గుమ్మం దాటబోతున్నాడు.

“సార్, అన్నిటికీ ఒకటి కాదు. ఆ మంచం నోరు నేనే నొక్కేశాను. ఇందాకట్నుంచి ఈవిడ నోరు కూడా.”