నారింజ రంగు తీగ

కొట్టు యజమాని మెర్ల్ తుపాకీ పక్కనున్న బోల్టు పిడిని వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూపించి, దాన్ని లోర్నా చేతికివ్వబోయాడు.

ఆమె అందుకునేలోపే ఒక ముసలాయన మధ్యలో చెయ్యి పెట్టి, తన చిటికెన వేలు దాని లోపలికి దూర్చి చూశాడు.

"ఖాళీయే," అన్నాడు నెమ్మదిగా.

"ఇప్పుడే చూపించాను కదయ్యా," అన్నాడు మెర్ల్. "ఈయన్ని పట్టించుకోకండి. ప్రతి శనివారం నా కొట్టుకొస్తాడు, స్టవ్ పక్కన కూర్చుంటాడు, ఒక్క తూటా కొనడు. జన్మలో తుపాకీ పట్టి ఉండడు."

హాలో ఫోర్క్ ఊళ్లో ఆయన పేరు ఎవరికీ తెలియదు. రెండేళ్ల కిందట ఎక్కణ్ణించో వచ్చి, దాణా కొట్టు వెనక ట్రైలర్ అనే చక్రాల ఇంట్లో అద్దెకు దిగాడు. వేలు తాత అని పిలిచేవారు.

లోర్నాకు తొందరగా ఉంది. కొయోటీలనే నక్కల్లాంటి జంతువులు ఆ వసంతంలో అప్పటికే ఆమె మందలోంచి ఆరు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయాయి. మొగుడు వదిలేసి వెళ్లిన పిస్టల్ ఉంది కాని, దాంతో అంత దూరం గురి కుదరదు.

"పిస్టల్ తూటాలే పట్టే పొట్టి రైఫిల్ కావాలి. నాలుగు వందల డాలర్లు దాటకూడదు," అంది.

"అయితే ఇదే తీసుకోండి. చవక. పైగా తూటాలే కాదు, వాటిని నింపే మీ పిస్టల్ మ్యాగజైన్ కూడా దీనికి సరిపోతుంది. దాంట్లోంచి తీసి దీంట్లో పెట్టుకోవడమే."

"అదే వద్దమ్మా," అన్నాడు ముసలాయన. "దాని మ్యాగజైన్ దానికే ఉండేది తీసుకో."

"ఎందుకట?"

"ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో పెడతావు. మ్యాగజైన్ తీసిన తుపాకీ ఖాళీ అయిపోయిందనుకుంటావు."

లోర్నా మొహం ఎర్రబడింది.

"నేను పన్నెండేళ్లప్పట్నుంచీ తుపాకీ పడుతున్నాను, పెద్దాయనా. ఇంట్లో ఏడిపించడానికి మనవలెవరూ లేరా మీకు?"

ముసలాయన లోర్నా వెనక నిలబడిన ఆమె ఎనిమిదేళ్ల కూతురు ఐవీని అప్పుడే చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

జేబులోంచి జానెడు నైలాన్ తీగ తీశాడు. గడ్డి కోసే మిషనుకు వేసే నారింజ రంగు తీగ. దాని చివర పిల్లలు చేతికి కట్టుకునే గులాబీ రంగు పూస ఒకటి కట్టి ఉంది. పాప చేతికివ్వకుండా, దాన్ని బల్ల మీద పెట్టి ఆమె వైపు జరిపాడు.

"తుపాకీ కింద పెట్టగానే బోల్టు లాగి దీన్ని లోపల దూర్చాలి. పూస బయటికి కనపడాలి. అమ్మ మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యి."

"సరే తాతా," అంది ఐవీ.

లోర్నా చవకదే కొనుక్కుని వెళ్లింది. తీగను ఐవీ దాచుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం కంచె దగ్గర కొయోటీ కనపడితే లోర్నా కొత్త తుపాకీతో కాల్చింది. తగల్లేదు. అది కింది పొలం వైపు పారిపోయింది. పిస్టల్ మ్యాగజైన్ ఎక్కడ పెట్టిందో వెతికే ఓపిక లేక, తుపాకీలోది లాగి పిస్టల్‌లో పెట్టుకుంది. తుపాకీని వంటింటి తలుపు వెనక కొక్కేనికి తగిలించి, పిస్టల్‌తో వెళ్లింది.

గంటకు తిరిగొచ్చి పొయ్యి మీద గుడ్లు వేస్తోంది.

"అమ్మా, ఒక్కసారి పట్టుకోనా?"

"పట్టుకో. మ్యాగజైన్ లేదుగా."

ఐవీ తుపాకీ దించి, భుజానికి ఆనించి, తల్లి వైపు తిప్పింది.

"నువ్వు కొయోటీవట. నేను కాలుస్తానట."

"కొయోటీ గుడ్లు వేసి పెడుతుందా నీకు?"

ఐవీ నవ్వింది. అంతలో తుపాకీ దించేసింది.

"ఉండుండు. పూస తీగ పెట్టలేదు. తాతకు కోపమొస్తుంది."

తీగ తెచ్చింది. బోల్టు లాగడం చేతకాలేదు. లోర్నా నవ్వుతూ వచ్చి ఒక్క గుంజు గుంజింది.

పొద్దున కాల్చినప్పుడే దానంతటదే గొట్టంలోకి ఎక్కి ఉండిపోయిన తూటా ఒకటి ఎగిరి నేల మీద పడి, దొర్లుకుంటూ పొయ్యి కిందికి పోయింది.

గుడ్లు మాడుతున్నాయి. లోర్నా నేల మీద కూర్చుని, కూతుర్ని వదలకుండా పట్టుకుంది.

శనివారం ఆమె యాపిల్ పై అనే తీపి వంటకం చేసి, వేడి ఆరకుండా గుడ్డలో చుట్టుకుని కొట్టుకు వెళ్లింది. స్టవ్ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆయన ఏడీ?"

మెర్ల్ ఆమె కళ్లలోకి చూడలేదు.

"ఆ రోజు మీరు వెళ్లాక, బేరాలు చెడగొడుతున్నావు, ఇంక రావద్దన్నాను. రాలేదు. మొన్న మంగళవారం ట్రైలర్‌లో పోయి ఉన్నాడట. గుండె."

లోర్నా ఆ వంటకం గిన్నెను బల్ల మీద పెట్టింది.

"నా అనేవాళ్లు ఎవరూ లేరట. ట్రైలర్‌లో ఇది దొరికిందని షెరిఫ్ ఆఫీసు పోలీసులు పొద్దునే తెచ్చిచ్చారు, అమ్మిపెట్టమని," అంటూ మెర్ల్ ఒక పొడుగాటి పెట్టె తెరిచాడు.

లోపల ఒక పిస్టల్ ఉంది. లోర్నా ఇంట్లో ఉన్నలాంటిదే. దాని పక్కన ఒక పొట్టి రైఫిల్. ఆమె కొన్నలాంటిదే. దానిలోంచి నారింజ రంగు తీగ బయటికి వేలాడుతోంది.

పెట్టె మూలలో చిన్నపిల్లల చేతి గొలుసు ఒకటి ఉంది. దారమే. దానికి గులాబీ పూస ఒక్కటే మిగిలింది.

రైఫిల్‌కు ఒక పాత పోలీసు చీటీ కట్టి ఉంది. మెర్ల్ కళ్లద్దాలు పెట్టుకుని చదువుకున్నాడు. పైకి చదవలేక దాన్ని లోర్నా వైపు తిప్పాడు.

"యజమాని ఓర్వల్ కెమర్‌కు తిరిగి అప్పగించడమైనది," అని ఉంది దాని మీద, ఆ కిందనే, "మృతురాలు టెస్సా, ఏడేళ్లు, యజమాని మనవరాలు, తుపాకీకి మ్యాగజైన్ లేదు, లోపల ఒక తూటా ఉండిపోయింది."