ఇరవై రెండో తారీఖు

ఖైసర్ బేగం శాలిబండలో ఇంటి దగ్గర షేర్ ఆటో ఎక్కి బార్కస్‌లో దిగేసరికి రెండు దాటింది. పెళ్లి ఊరేగింపులకు మర్ఫా వాయించే అబ్దుల్ వాహెద్ దుకాణం అక్కడే. ముందు ఇరవై మంది కాగితాలు మండించి డప్పులు కాస్తున్నారు. అందరూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్నారు. చొక్కాల మీద నాయకుడి బొమ్మ ఉంది.

యుద్ధం ఆగింది. గెలిచామని నాలుగు గంటలకు ఊరేగింపు.

పదకొండు రోజుల యుద్ధం. సరిహద్దులో రెండు గుట్టలు పోయాయి, ఒకటి తిరిగొచ్చింది. యుద్ధం ఆగిందని ఆ పొద్దున పదకొండున్నరకు మొదట చెప్పింది పరాయి దేశపు అధ్యక్షుడు. మన నాయకుడు పన్నెండుంపావుకు టీవీలో కనబడి, తానే ఆపానన్నాడు. ఎందుకు మొదలుపెట్టాడో చెప్పలేదు. మనవాడు ఒక్కడు కూడా తప్పిపోలేదన్నాడు.

ఖైసర్ బేగం కొడుకు మాజ్ సిపాయి. తిరిగిరాని గుట్ట మీద ఉన్నాడు. తొమ్మిది రోజులుగా ఫోన్ లేదు. టీవీలో ఇచ్చిన నంబరుకు చేస్తే జాబితాలో లేడన్నారు. ఏ జాబితా అంటే, ఏ జాబితాలోనూ లేడన్నారు.

వాహెద్ లేచి స్టూలు జరిపాడు.

"కూసో ఆపా. చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు భాయ్. ఒక్క మాట అడుగుదామని వచ్చిన. మా గల్లీ ముంగట వాయించకు."

వాహెద్ చేతిలోని డప్పు పక్కన పెట్టాడు.

"నా కొడుకు ఫోన్ రానియ్యి. నేనే పిలుస్త. తెల్లారేదాంక వాయించు, ఎవడన్న అడ్డమొస్తే నన్ను అడుగు. ఇయ్యాల మాత్రం వద్దు. ఆ సప్పుడు నేను వినలేను."

"ఫికర్ చెయ్యకు ఆపా. వస్తడు."

"నువ్వు కూడా టీవీలెక్కనే చెప్తున్నవ్."

అంతలో జీపు వచ్చి ఆగింది. రామ్‌చందర్ దిగాడు. ఊరేగింపు పెట్టిస్తున్న పార్టీ మనిషి.

"ఏంది వాహెద్ భాయ్, ఇంక కాస్తనే ఉన్నరా? టీవీవాళ్లు శాలిబండల నిలవడ్డరు. జనం వాళ్లంతట వాళ్లే ఖుషీతోని రోడ్డు మీదికి ఉరికొచ్చినట్టు కనబడాలె. మూడున్నరకల్లా బండి ఎక్కుండ్రి."

"ఏం గెలిచిన్రు బేటా?" అంది ఖైసర్ బేగం.

"గట్లంటవేంది అమ్మా? దుష్మన్ కాళ్లబేరానికొచ్చిండు."

"మరి గుట్ట?"

"ఏ గుట్ట?"

"నా కొడుకున్న గుట్ట."

రామ్‌చందర్ ఫోన్ తీసి చూసుకున్నాడు.

"అదంత పైవాళ్ల వ్యూహం అమ్మా. మనకు చెప్పరు."

"వాళ్లకన్న ఎరుకేనా?"

డప్పులు కాసేవాళ్లలో ఒకడు ఫక్కున నవ్వాడు. రామ్‌చందర్ వాడివైపు చూసి, వాహెద్ గల్లీ సంగతి ఎత్తితే రూటు మారదని చెప్పి, జీపులో కూర్చున్నాడు.

ఖైసర్ బేగం స్టూలు ముందుకు జరుపుకుంది.

"రానని చెప్పు భాయ్. వేరేటోళ్లను పిల్సుకుంటరు."

"మాటిచ్చిన ఆపా."

మాట సంగతి ఆమెకు తెలుసు. పెళ్లిళ్ల రోజుల్లో మర్ఫా దొరకాలంటే మూడు నెలల ముందు రావాలి. వాహెద్ గోడ మీది క్యాలెండర్‌లో ఆ తారీఖు గడిలో ఆకుపచ్చ సిరాతో రాసుకుంటాడు. రాసింది ఎవరి కోసమూ కొట్టెయ్యడు. సొంత తమ్ముడి పెళ్లికి కూడా కొట్టెయ్యలేదు. తమ్ముడు బాజా లేకుండానే గుర్రమెక్కాడు.

మాజ్‌కు నుజహత్‌తో సంబంధం కుదిరినప్పుడు ఆమె వచ్చి అడిగింది ఇవాళ్టి తారీఖే, ఇరవై రెండు. వాహెద్ తల అడ్డంగా ఊపాడు. నిన్ననే వేరేవాళ్లు రాయించుకున్నారన్నాడు. ఎవరని ఆమె అడగలేదు. ఏ పెద్దింటి పెళ్లో అనుకుంది. తమ ఇంట్లో మర్ఫా లేకుండా పెళ్లికొడుకు గడప దాటిన రోజు లేదు. పెళ్లి వచ్చే నెలకు జరిపారు. మాజ్ సెలవు కూడా జరిపాడు.

ముందనుకున్నట్టే అయితే, యుద్ధం మొదలవడానికి నాలుగు రోజుల ముందే మాజ్ ఇంటికి వచ్చేవాడు. గుట్ట మీదికి ఎక్కించిన వాళ్లలో ఉండేవాడు కాదు.

తొమ్మిది రోజులుగా ఆమె, ఆ తారీఖు ముందే రాయించుకున్న ముఖం తెలియని పెళ్లికొడుకును తిట్టుకుంటోంది. తిట్టిన ప్రతిసారీ తప్పైందని తౌబా చెప్పుకుంటోంది. వాడూ ఎవరో తల్లి కన్నవాడే.

అప్పుడు తట్టింది ఆమెకు.

"భాయ్, నువ్వు మాటిచ్చింది ఆ పెండ్లోళ్లకు కదా?"

వాహెద్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

"మూడు నెలల ముందు ఇచ్చిన మాట. ఆ తారీఖు ఖాళీ లేదనే కదా నన్ను పంపించినవ్? ఇయ్యాలనే కదా వాళ్ల పెండ్లి? అక్కడికి పో. ఈ పార్టీవాళ్లకు నువ్వు మాటిచ్చి రెండు గంటలు కూడా కాలే. ఎవరి మాట పెద్దది?"

డప్పులు కాసేవాళ్లు చేతులు ఆపారు. బయట జీపు హారన్ కొట్టింది.

"చెప్పవేంది భాయ్? రాసింది కొట్టెయ్యవు కదా నువ్వు?"

"కొట్టెయ్యలే ఆపా," అన్నాడు వాహెద్.

గోడ దగ్గరికి వెళ్లాడు. మేకుకు తగిలించిన క్యాలెండర్ తీసి, పైనున్న వచ్చే నెల కాగితం తిప్పి ఈ నెలది పైకి తెచ్చి, ఆమె ఒడిలో పెట్టాడు. అటు తిరిగి నిలబడ్డాడు.

మూడు నెలల కింద రాసిన ఆకుపచ్చ సిరా ఇరవై రెండో గడిలో కొంచెం వెలిసింది: "యుద్ధ విజయం ఊరేగింపు, సాయంత్రం నాలుగు, శాలిబండ మీదుగా."