గోలీతో మాట్లాడొద్దు

"గుడ్ మార్నింగ్, ఐలా!"

నోరు జారాక గానీ టెస్‌కి గుర్తురాలేదు. లాకర్ రూమ్‌లో స్కేట్ల లేసులు బిగిస్తున్న అమ్మాయిలంతా ఎక్కడి చేతులు అక్కడే ఆపేశారు.

కెప్టెన్ హాడ్లీ ఒక్క అంగలో వచ్చి, టెస్ జబ్బ పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది.

"బుద్ధుందా నీకు? మ్యాచ్ రోజు గోలీతో మాట్లాడతావా? అదీ ఫైనల్ రోజు!"

"ఇద్దరం ఒకే గదిలో ఉంటున్నా పొద్దుట్నుంచీ నోరు మూసుకునే ఉన్నా హాడ్లీ. ఇక్కడికొచ్చేసరికి అలవాటుగా వచ్చేసింది."

"ఈ సీజన్ మొత్తంలో మనం ఓడింది ఒక్క మ్యాచ్. ఆ రోజు ఐలాతో వాగిందెవరు?"

"నేనే."

"కొత్తపిల్లవని అప్పుడు వదిలేశాం. ఇవాళ కప్పు పోయిందో, ఈ ఊళ్ళో నీకు కాఫీ పోసేవాడు కూడా ఉండడు, చూసుకో."

బయటివాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీండి. మిన్నెసోటా ఉత్తరాన, మార్చి వచ్చినా గడ్డకట్టిన సరస్సు మీద ట్రక్కులు నడిచే మా ఊళ్ళో ఇలాంటివి నవ్వులాట కాదు. గెలుస్తున్నన్నాళ్ళూ సాక్సులు ఉతకని మహాతల్లులున్నారు మా కాలేజీ ఐస్ హాకీ జట్టులో. అన్నిటికన్నా పెద్ద నియమం మాత్రం ఇదే. మ్యాచ్ రోజు నిద్ర లేచింది మొదలు ఆఖరి హారన్ మోగేదాకా గోలీని, అంటే గోల్ కాసే పిల్లని, ఎవరూ పలకరించకూడదు. కోచ్ అయినా సరే, సైగ చేయాల్సిందే.

అదృష్టం బాగుండి ఐలా తలెత్తలేదు. "వినలేదులే. వినకపోతే లెక్కలోకి రాదు," అని హాడ్లీయే సర్దిచెప్పింది. "ఇక నోరు కుట్టేసుకో."

అయినా టెస్ మంచు మీద అడుగుపెట్టగానే స్కేటు లేసు పుటుక్కున తెగింది. మూడు పీరియడ్ల ఆటలో మొదటి పీరియడ్‌లోనే అవతలివాళ్ళు ఒక గోల్ కొట్టారు. మనవాళ్ళు దాన్ని సమం చేసేసరికి తాతలు దిగొచ్చారు. బెంచీ మీద ఎవరూ టెస్ పక్కన కూర్చోలేదు.

రెండో పీరియడ్ చివర్లో అవతలి జట్టులోని పొడుగమ్మాయి బలమంతా పెట్టి కొట్టిన పక్, ఆ గట్టి రబ్బరు బిళ్ళ, తిన్నగా వెళ్ళి ఐలా మాస్కుకి తగిలింది. ఠప్పున వచ్చిన ఆ చప్పుడు పై వరసదాకా వినిపించింది. ఐలా మోకాళ్ళ మీద కూలబడి, అలాగే ముందుకి ఒరిగిపోయింది.

రిఫరీ పరుగున వచ్చి వంగింది. ఫిజియో పెట్టె పట్టుకుని మంచు మీదికి దిగబోయింది. ఇద్దరికీ అడ్డంగా చేతులు చాచి నిలబడింది హాడ్లీ.

"మేడమ్, ప్లీజ్, దాంతో మాట్లాడకండి! బాగానే ఉంది. చూడండి, లేస్తోంది."

నిజంగానే ఐలా లేచింది. చేతి గ్లవ్ పైకెత్తి చూపించింది. రింక్ చుట్టూ జనం ఈలలు, కేకలు. రిఫరీ ఒక్క క్షణం తటపటాయించి, భుజాలెగరేసి వెళ్ళిపోయింది.

విరామంలో ఐలా వచ్చి టెస్ చోట్లో కూర్చుంది. ఎవరో నీళ్ళ సీసా అందిస్తే, అదేమిటో తెలియనట్టు తిప్పి తిప్పి చూసింది. టెస్ కోచ్ లుండ్ దగ్గరికి పరుగెత్తింది.

"కోచ్, ఐలాకి ఏదో అయింది. ఒక్కసారి పలకరించండి. పేరు అడగండి చాలు."

సీజన్ మొదలైనప్పటి నుంచీ ఒకే టై కట్టుకుంటున్న పెద్దమనిషి ఆయన. ఆ టై సవరించుకుంటూ నేల చూపులు చూశాడు. "ఇంకొక్క పీరియడే కదమ్మాయ్. అయ్యాక నేనే అడుగుతా."

"పొద్దున నువ్వు వాగావు, దాని తలకి తగిలింది," అంది హాడ్లీ వెనకనుంచి. "ఇంకా వాగి దాన్ని చంపుతావా?"

నోరా వీపుకు చేటు తేకే అన్నారు. టెస్ పళ్ళు బిగబట్టి ఊరుకుంది. నిజంగా తనవల్లే తగిలిందేమో! ఇంకోసారి నోరు తెరిస్తే ఇంకేమవుతుందో!

మూడో పీరియడ్ మొదలవుతుంటే ఐలా ఎదుటివాళ్ళ గోల్ వైపు వెళ్ళిపోయింది. హాడ్లీ ఆమె జెర్సీ పట్టుకుని ఇటు తిప్పింది. "ఆటలో ఎలా మునిగిపోయిందో చూడవే!" అని బెంచీ అంతా పడీపడీ నవ్వింది. టెస్ నవ్వలేదు.

కానీ ఆ తర్వాత ఐలా ఆడిన ఆట మాత్రం ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. కాలితో ఆపింది, ఛాతీతో ఆపింది, పడుకుని ఆపింది. ఆపినప్పుడల్లా "చూశావా?" అన్నట్టు హాడ్లీ టెస్ వైపు కళ్ళెగరేసింది. టెస్ పక్‌ని చూడటం మానేసి ఐలానే చూస్తోంది. ఎప్పుడూ కర్రతో గోల్ ఎడమ స్తంభాన్నీ కుడి స్తంభాన్నీ ఒక్కోసారి తట్టే పిల్ల, ఇప్పుడు ఎడమదాన్నే తడుతోంది. తట్టిందే తడుతోంది.

ఆఖరి నిమిషంలో హాడ్లీ గోల్ కొట్టింది. హారన్ మోగింది.

గ్లవ్‌లు, హెల్మెట్లు గాల్లోకి ఎగిరాయి. కప్పు వచ్చింది, కన్నీళ్ళొచ్చాయి, అందరి మెళ్ళలోనూ పతకాలు పడ్డాయి. హాడ్లీ గొంతు చించుకుని అరిచింది: "ఇక నోళ్ళు తెరవండే! మాట్లాడండి దాంతో!"

అందరికన్నా ముందు టెస్ దూసుకెళ్ళింది. మాస్కు తీసేసి, మెడలో పతకంతో, చిన్నగా నవ్వుతూ నిలబడి ఉంది ఐలా. టెస్ ఆమె రెండు చెంపలూ పట్టుకుంది.

"గెలిచామే! కప్పు మనదే! నీకేం కాలేదు కదా? ఏదీ, ఒక్క మాట మాట్లాడు!"

ఐలా కంగారుగా అటూ ఇటూ చూసి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ష్... మ్యాచ్ ఇంకా మొదలవలేదు. ఇవాళ గోలీతో మాట్లాడకూడదని నీకెవరూ చెప్పలేదా? ఎవరు నువ్వు, కొత్తగా చేరావా?"