ఫ్యామిలీ అని రాసిన తలుపు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు: గోడవైపు తిరిగి కూర్చున్న రాజలింగం, అతని భార్య రత్నాబాయి, పంచాయితీకి వచ్చిన పక్కగది మంగళ, పొయ్యి దగ్గర తలవంచుకున్న భూదేవి. భూదేవి రాజలింగానికి మేనకోడలు. ఊళ్లో బడి చదువు అయ్యాక కుట్టుపని నేర్చుకుందామని ముంబైలోని కామాఠిపురాకు వచ్చి నెలయింది.

నల్లా దగ్గర రాజలింగం తనకు కన్ను కొట్టాడని మంగళ ఫిర్యాదు. ఒకసారి కాదు, మూడుసార్లు.

“తలుపు మీద ఫ్యామిలీ అని రాసుకునుడు, లోపల గిట్లాంటోళ్లను పెట్టుకునుడు” అంది.

ఫాక్‌లాండ్ రోడ్ సానికొంపల వైపు నుంచి వచ్చే మగవాళ్లు పొరపాటున తట్టకుండా, వరస గదుల ఆ చాల్‌లో ఇంటింటికీ అలా రాయించుకున్నారు. ఈ ఇంటి ఎర్రక్షరాలు రాజలింగమే దిద్దాడు.

రత్నాబాయి భూదేవి వైపు తిరిగింది. “నీకు గూడ కొట్టిండా?”

భూదేవికి చెవులు వేడెక్కాయి. అన్నం పెట్టినప్పుడల్లా మామ ఒక కన్ను మూసి తనను చూసేవాడు. ఆ సంగతి డైరీలో రాసి, సిగ్గేసి ఆ పేజీ చింపేసింది. ఇప్పుడు తల ఊపింది.

“ఎన్ని దినాల సంది?”

“వచ్చినప్పటి సంది.”

రత్నాబాయి చిలక్కొయ్య మీది మొగుడి చొక్కా లాగి అతని మీదికి విసిరింది. జేబులోంచి ఒక కాగితం జారింది. ఎవరికీ అర్థంకాని ఇంగ్లీషు గీతలు, కింద పెన్నుతో వేసిన బొమ్మ: ఒక కన్ను, దాని వెనక దారం, దారానికి శనగగింజంత ముడి.

“కండ్ల బొమ్మలు గూడ జేబుల పెట్టుకొని తిరుగుతుండు” అని మంగళ నవ్వింది.

ఎందుకిలా చేశావని రత్నాబాయి నిలదీసింది.

“చెప్తే పరంజా ఎక్కనియ్యరు. పని పోతది” అన్నాడు ఆ తాపీమేస్త్రీ, నేల చూస్తూ.

“పని గిప్పుడు యాదికొచ్చిందా? పో. ఇంకెవల ముందర ఆ కన్ను మూయకు.”

“మూయను” అని, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. అన్నం డబ్బా మరిచిపోయాడు.

భూదేవి డబ్బా, కాగితం తీసుకుని గడప దాటింది.

“నెల దినాలు నాకు చెప్పకుంట దాచినవు. నువ్వు గూడ పో” అంటూ రత్నాబాయి ఆమె వెనక తలుపు మూసి గడియ పెట్టింది.

వరండాలో ఇంకెవరూ లేరు. భూదేవి డబ్బా చాచింది. రాజలింగం మాట తప్పకుండా రెండు కళ్లూ బాగా తెరిచి, ఆమెనూ, ఆమె పక్కనున్న ఖాళీనీ మార్చి మార్చి చూశాడు.

“ఇద్దర్ల నువ్వెవలు బిడ్డా?”