పళ్ళ దండ

బాగేపల్లి సంతలో పళ్ళు పీకేవాడు, పీకిన పళ్ళన్నీ దండ గుచ్చి మెళ్ళో వేసుకునేవాడు. దానిమీద ఈగలు.

గంగులమ్మకు చెవి పక్కన నొప్పి. నోరు తెరిస్తే టక్కుమనేది. కొన్నాళ్ళు దవడ పట్టేసి సంగటి ముద్ద నోట్లోకి పోయేది కాదు.

సంతకు పోతే, వాడు నశ్యం అంటిన వేళ్ళు నోట్లో పెట్టి పన్ను పీకాడు. నొప్పి తగ్గలేదు. "ఇంగొకటి పీకితే సరిపోతాదిలేమ్మా" అని మళ్ళీ పీకాడు.

చివరికి చింతామణి ఊరికి పోతే, అక్కడి డాక్టరు చెవి ముందర వేలు పెట్టి, నోరు తెరిచి మూయమన్నాడు.

"నొప్పి పంటిది గాదమ్మా, దవడ కీలుది. నోరు పట్టేసినప్పుడే రావాల్సింది. పుచ్చు లేని పండ్లు పీకించుకున్నావు గదా."

గంగులమ్మ మళ్ళీ సంతకు పోయింది. పుచ్చు లేనివి కాబట్టి తన పళ్ళు ఆ దండలో ఇట్టే కనబడతాయనుకుంది.

ఏవి తనవో తెలియలేదు. దండలో ఒక్క పుచ్చు పన్నూ లేదు.