బర్గండీ మత్తు

"అప్పుడే గొంతులో పోసుకోకయ్యా. ముందు గ్లాసు తిప్పు. తర్వాత వాసన చూడు" అన్నాడు వెంకటసత్యనారాయణ.

లింగం గ్లాసు తిప్పాడు. తెల్లటి బల్లగుడ్డ మీద రెండు చుక్కలు పడ్డాయి. ఎవరూ చూడకుండా వాటి మీద అరచెయ్యి పెట్టాడు.

"ఏం వాసనొస్తోంది?"

"నిమ్మకాయ లెక్క ఉన్నది సార్."

"సున్నపురాయి నేలలో పండిన ద్రాక్ష. అందుకనే ఆ పులుపు." ఈ సంగతి ఆయన ఇందాక మెట్ల దగ్గర నిలబడి ఫోనులో చదివాడు.

వెంకటసత్యనారాయణది అమలాపురం వైపు. గల్ఫ్‌లో, మిర్కాబ్ అనే పేటలో ఉన్న ఆ ఆఫీసు భవనాన్ని శుభ్రం చేసే పన్నెండుమందికి సూపర్‌వైజరు. భవనం కింది అంతస్తులో ఫ్రెంచి రెస్టారెంటు ఉంది. ఈ వారమంతా అక్కడ బర్గండీ అనే ద్రాక్షతోటల సీమ భోజనాలు. మేనేజరు ఆయనకు రెండు కూపన్లు ఇచ్చాడు. రెండోది ఎవరికా అని అందరూ ఎదురుచూస్తుంటే ఆయన లింగాన్ని రమ్మన్నాడు.

అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది లింగమే. పోయిన వారమే ఆయన పన్నెండుమంది ముందూ, "నీకు సెలవు లేదు. ఖలాస్. నీకిస్తే రేపు అందరూ నా ముందు వరస కడతారు" అని కసిరాడు. ఆయన ఖలాస్ అన్న మాట వెనక్కి తిరగడం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

జగిత్యాల దగ్గరి ఊళ్ళో లింగం కట్టిస్తున్న ఇల్లు పూర్తయింది. భార్య గంగామణి గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించింది. "నువ్వు రాకుంటె కుర్చీల నీ ఫోటో పెట్టి పాలు పొంగిస్త" అని ఫోనులో తేల్చి చెప్పింది. బతికున్న మనిషి ఫోటోను కుర్చీలో చూస్తే వచ్చిన చుట్టాలు ఏమనుకుంటారో అని లింగం బెంగ. ఎవరైనా తెలియక దండ కూడా వేస్తారేమో.

వడ్డించే గంగాప్రసాద్‌ది నిజామాబాద్. అతనూ లింగమూ ఒకే గదిలో ఉంటారు. డ్యూటీలో మాత్రం ముఖం తెలియనట్టు నిలబడి, "ఇది ఆల్కహాల్ తీసేసిన వైన్ సార్" అని చెప్పి వెళ్ళాడు.

సూపర్‌వైజరు బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. "ఈ దేశంలో మందు నిషేధం కదా, పైకి అలాగే అంటార్లే. ఆ బిరడా చూశావా? ఉత్త ద్రాక్షరసానికి ఎవడైనా అంత బిరడా బిగిస్తాడా?"

లింగం బిరడా వంక చూశాడు. గ్లాసు ఖాళీ చేశాడు.

నత్తలు వచ్చాయి, గుల్లలతోనే, వెల్లుల్లి వెన్నలో మునిగి. "మా కాలవల పక్కన చిన్నప్పటి నుంచీ తింటున్నాం. వీళ్ళేదో కనిపెట్టినట్టు" అంటూ ఆయన సన్నటి ఫోర్కుతో ఒకటి లాగి నోట్లో వేసుకున్నాడు. లింగం లాగింది ఎగిరి పక్క టేబుల్ కింద పడింది.

తర్వాత ఎర్ర వైన్, అదే వైన్‌లో ఉడికించిన కోడి, పక్కన చిన్న గిన్నెలో ఆవముద్ద.

"ఆవకాయ వాసన వస్తుంది గని కాయ లేదు సార్" అన్నాడు లింగం. ఆ మాట కాస్త ముద్దగా వచ్చింది. మూడో గ్లాసు సగమయ్యేసరికి అతను కుర్చీలో ఒక పక్కకు ఒరిగాడు.

"సార్, ఒకటి చెప్తా, ఏమనుకోకుండ్రి. పగటీలి మీరు స్టోర్ రూముల పండుకుంటరు. ఎవరూ రాకుండ తలుపుకాడ కావలుండేది నేనే."

వెంకటసత్యనారాయణ ఫోర్కు కింద పెట్టాడు.

"నిద్రల నవ్వుతరు సార్ మీరు. మంచిగ నవ్వుతరు. లేచినంక ఆ నవ్వు ఏడ వోతదో సమజ్ గాదు." లింగం కళ్ళు తుడుచుకున్నాడు. "కొత్తింట్లకు కుడికాలు ముందువెట్టి పోవాలె గదా సార్. ఫోటోకు కాళ్ళుంటయా?"

ఆయన బాటిల్ అందుకుని తన గ్లాసు నిండా పోసుకుని, గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఇంకోటి పోసుకున్నాడు. అదీ అయ్యాక నుదురు పట్టుకున్నాడు.

"నాకూ తిరుగుతోందయ్యా. ఆ గోడ ఇటు నడిచొస్తోంది చూడు."

"నేను పట్టుకుంటా సార్."

"గోడనా, నన్నా?" అంటూ ఆయన జేబులోంచి ఫోను తీసి, ఒక కన్ను మూసుకుని ఆఫీసుకు మెసేజ్ కొట్టడం మొదలుపెట్టాడు. "ఎన్నాళ్ళు కావాలి?"

"ఇరవై దినాలు సార్."

"ఇరవై ఏం సరిపోతాయి? కొత్తిల్లు కదా. నెల రోజులు ఉండిరా." వేలితో గట్టిగా నొక్కాడు. "పోయింది. రేపు పొద్దున దీని గురించి నన్నేమీ అడక్కు. నాకేదీ గుర్తుండదు."

చివరగా తెచ్చిన చీజ్ నుంచి తడిసిన సాక్సుల వాసన వచ్చింది. ఇద్దరూ దాన్ని ముట్టలేదు. వెంకటసత్యనారాయణ గోడ పట్టుకుంటూ నడిచాడు. కోట్లు తగిలించే స్టాండుకు సలాం చెప్పి, లాగాల్సిన తలుపును కాసేపు తోసి, ఎలాగో బయటపడ్డాడు.

ఆయన కారు కదిలేదాకా లింగం అద్దంలోంచి చూశాడు. తర్వాత నిటారుగా లేచి, ఒక్క అడుగు కూడా తడబడకుండా వంటగది తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"ఎట్లున్నది నా యాక్షన్?" అని అడిగాడు గంగాప్రసాద్‌ని. నవ్వు ఆగడం లేదు. "కడుపుల ఉన్న మాట సార్ మొకం మీద చెప్పాల్నంటే నాకు గీ ఆసరా గావాలె. గని సార్‌ను జూడు. ఉత్త ద్రాక్షరసానికి నిజంగనే ఎక్కింది పాపం."

గంగాప్రసాద్ గ్లాసులు సర్దడం ఆపి అతని వైపు తిరిగాడు.

"నిన్ననే వచ్చి, దీంట్ల సుక్క మందు లేదు గదా అని నాతోటి ఒట్టు వెట్టిచ్చుకొని పోయిండు సారు."